నీళ్లు తేటపడితే చాలదు

యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెల మీద ఒక వింత నేరం మోపుతాడు. అవి తేట నీళ్లు కడుపునిండా తాగి ఊరుకోలేదు. మిగిలిన నీళ్లను కాళ్లతో కలియదొక్కాయి. వెనక వచ్చిన బక్క గొర్రెలకు ఆ బురదనీళ్లే గతి అయ్యాయి. ఈ అధ్యాయం మీద ప్రసంగమంటే కాపరులను గద్దించడమే ఎక్కువ. గొర్రెల వంతు వచ్చేసరికి సమయం అయిపోతుంది కాబోలు!

ఆ కలియదొక్కడం ఈనాడు ఎలా ఉంటుందో హుస్సేన్‌సాగర్‌ చెబుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో తవ్వించిన ఆ చెరువు ఒకప్పుడు హైదరాబాద్‌కు తాగునీరిచ్చింది. తర్వాత కూకట్‌పల్లి నాలా గుండా మురుగుతోపాటు పరిశ్రమల వ్యర్థాలూ ఏళ్ల తరబడి వచ్చి చేరాయి. అడుగు మట్టిని పరీక్షించిన శాస్త్రవేత్తలకు సీసం, క్రోమియం, రాగి, జింకు, నికెల్‌ వంటి లోహాలు కనిపించాయి. 2006లో జపాన్‌ రుణంతో ప్రక్షాళన పథకం చేపట్టాల్సి వచ్చింది.

మురుగునైతే సూక్ష్మజీవులు కొన్నాళ్లకు తినేస్తాయి. సీసం కుళ్లదు, మాయమవదు. సన్నని బంకమట్టి రేణువులను పట్టుకుని అడుక్కి చేరుతుంది. పైన నీళ్లు తేటగానే ఉంటాయి. వరదకు అడుగు కదిలినా, నీటిలో ఆమ్లగుణం పెరిగినా కొంత మళ్లీ పైకి వస్తుంది. జపాన్‌లోని మినమాతలో ఒక రసాయన కర్మాగారం సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జాలరి కుటుంబాలను కబళించింది. ఆ వ్యాధి 1956లో బయటపడింది. 1968లో పాదరసం వదలడం ఆగింది. కానీ అడుగున పేరుకున్న బురదను తొలగించే పని 1990 దాకా సాగింది.

మా తిరువూరు ప్రాంత రైతుకు చెరువు మట్టి అంటే బంగారం. వేసవిలో ట్రాక్టర్లతో తోలి మామిడి తోటలకు, పత్తి చేలకు వేస్తారు. మంచి ఆచారమే, ఎరువు ఖర్చు తగ్గుతుంది. కానీ ఊరి మురుగు దిగే కాలువ పూడికను కూడా అదే కంటితో చూస్తే? మెకానిక్‌ షెడ్ల నూనె, రంగు డబ్బాలు కడిగిన నీళ్లు, పాత బ్యాటరీలు పగలగొట్టిన చోట కారిన ఆమ్లం అందులోకే చేరతాయి. పొలంలో ఒకసారి పడిన సీసాన్ని, కాడ్మియాన్ని ఏరి తీయలేం. ఆ మట్టిని చెప్పుల్లేని కాళ్లతో చిమ్మే కూలీ, గట్టున ఆకుకూర కోసుకుని పిల్లలకు వండే తల్లి, వీళ్లే మన బక్క గొర్రెలు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది.

పట్టణ కాలువల్లో తీసిన పూడికను లోహాల పరీక్ష చేయించకుండా పొలాలకు తోలనివ్వకూడదు. పాలకులను మేము అడిగేది ఇదే.

పరీక్ష ఒక్కటే సరిపోదనుకోండి. యెరికో నీళ్లు చెడ్డవని పట్టణస్థులు మొరపెట్టుకున్నప్పుడు ఎలీషా ఇంటింటి కుండలో ఉప్పు వేయలేదు. ఊట దగ్గరికే వెళ్లాడు (2 రాజులు 2). మన ఊట మన ఇళ్లలోనే ఉంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, వాడేసిన బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌ చేయించే బాధ్యత తయారీదారులది. మనమేమో నాలుగు రూపాయలు ఎక్కువిస్తే పాత సామాన్ల బండికే ఇన్వర్టర్‌ బ్యాటరీ వేసేస్తాం. అది ఎక్కడ పగులుతుందో అడగం. మందిరాల్లోనూ ఇన్వర్టర్లున్నాయి, కార్డ్‌లెస్‌ మైకులున్నాయి. క్రిస్మస్‌కు నాలుగు రోజులు వెలిగించి పారేసే లైట్ల సంగతి సరేసరి. సంఘ పెద్దలు ఈసారి కమిటీలో చందాల లెక్క చూసేటప్పుడు, మందిరం పాత బ్యాటరీ ఎవరికి ఇచ్చారో, దానికి రసీదు ఉందో లేదో కూడా చూడాలి.