డాక్టరమ్మ మంత్రి అయితే చాలా?

ఆరోగ్యశాఖ ఒక స్త్రీ చేతికి, అందులోనూ ఒక డాక్టరు చేతికి వస్తే మన బాధలు కొంతైనా తీరతాయని ఆశపడతాం. సుశీలా నయ్యర్ అనుభవం చూస్తే ఆ ఆశ ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

ఢిల్లీ లేడీ హార్డింజ్ కాలేజీలో చదివిన సుశీల గాంధీకి వైద్యురాలు. 1942లో ఆయనతోపాటు ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉన్నారు. 1944లో కస్తూర్బా అక్కడే కన్నుమూసేదాకా సేవ చేశారు. అమెరికాలో ప్రజారోగ్యం చదివి వచ్చారు. 1952లో ఢిల్లీ రాష్ట్రానికి, 1962 నుంచి 1967 వరకు కేంద్రానికి ఆరోగ్యమంత్రి అయ్యారు. ఆమె చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు.

కానీ 1965లో దేశమంతటా లూప్ కార్యక్రమం మొదలైంది ఆమె హయాంలోనే. ఎన్ని లూప్‌లు వేశారన్న లెక్క పైకి వెళ్లింది. వేయించుకున్న మనిషికి రక్తస్రావమైతే, నడుంనొప్పి వస్తే చూసే నాథుడు లేడు. అసలే రక్తం లేని ఆడవాళ్లు భయపడి తీయించుకున్నారు. కొద్ది ఏళ్లకే కార్యక్రమం చతికిలబడింది. నింద మాత్రం పుకార్ల మీద, ఆడవాళ్ల 'అజ్ఞానం' మీద పడింది.

ఆ కాలంలోనే, 1964లో గర్భస్రావాలపై శాంతిలాల్ షా కమిటీని వేశారు. దాని ఫలితమే 1971 చట్టం. అది ఎందరి ప్రాణాలనో కాపాడింది. కాదనం. అయితే అందులోనూ నిర్ణయం డాక్టరుదే, స్త్రీది కాదు.

లోపం ఒక మంత్రిది కాదు. మన శరీరాలను జనాభా లెక్కగా చూసే ప్రభుత్వ దృష్టిది. 1996లో లక్ష్యాలు ఎత్తేశామన్నారు. 2016లో సుప్రీంకోర్టు కు.ని. శిబిరాల పద్ధతిని మూడేళ్లలో మాన్పించమంది. అయినా 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. వేసెక్టమీ తేలికైన ఆపరేషనే అయినా శిబిరాలకు వచ్చేది మాత్రం ఆడవాళ్లే!

కాబట్టి స్త్రీ మంత్రి కావాలని అడుగుదాం, కానీ అంతటితో ఆగొద్దు. ఆ కుర్చీలో ఎవరున్నా మూడు ప్రశ్నలు వేద్దాం. ఆపరేషన్‌కు ముందు ఆమెకు అన్నీ వివరించారా? ఇంటికి వెళ్లాక ఎవరైనా వచ్చి చూశారా? ప్రాణం పోతే విచారణ నివేదిక బయటపెడతారా? గ్రామంలో పనిచేసే మనమే ఈ జవాబులు రాసిపెట్టుకోవాలి. వాళ్ల లెక్కకు బదులు చెప్పగలిగేది మన లెక్కే.