వేగం చలానాకు రాయితీ వద్దు

హైదరాబాద్‌లో వేగం మీరినందుకు ఫోన్‌కు చలానా వచ్చిందంటే ఎవరైనా ముందు అనే మాట "మళ్లీ వసూళ్లు మొదలుపెట్టారు" అనే. వెయ్యి రూపాయల జరిమానా, దాని మీద 35 రూపాయల యూజర్ చార్జీ. ఆ 1,035 చూడగానే ఖజానా ఖాళీ అయిందనీ, నింపుకోవడానికే మలుపుల్లో స్పీడ్ గన్‌లు పెట్టారనీ తీర్మానించేస్తారు. టీకొట్టు దగ్గరా ఇదే మాట, టీవీ చర్చల్లోనూ ఇదే మాట. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని ప్రజల పక్షాన మాట్లాడటం అనుకుంటున్నారు. ఇది తప్పు మాట. రోడ్డు మీద మనుషులు చావడానికి తోడ్పడుతున్న మాట.

పన్నును మామూలు మనిషి తప్పించుకోలేడు. సబ్బు కొన్నా, పెట్రోలు పోయించుకున్నా కట్టి తీరాలి. వేగం జరిమానా అలాంటిది కాదు. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే రూపాయి కూడా కట్టక్కర్లేదు. ప్రభుత్వానికి ఈ పద్దు కింద పైసా రాకూడదని కోపంగా ఉన్నవాళ్లకు ఆ దారి రోజూ తెరిచే ఉంది.

"యాభై ఉన్నచోట అరవైలో పోతే కొంప మునిగిపోతుందా?" అంటారు. లెక్క వేసి చూద్దాం. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికి ఒక సెకను. పిల్లవాడు బంతి కోసం రోడ్డు మీదికి ఉరికాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు సుమారు 28 మీటర్లలో పూర్తిగా ఆగుతుంది. 60లో వస్తున్న కారు డ్రైవరు కూడా అదే క్షణంలో పిల్లవాణ్ణి చూశాడు, అంతే చురుగ్గా బ్రేకు తొక్కాడు. అయినా ఆ 28 మీటర్ల గీత దగ్గర అతని కారు ఇంకా 40 వేగంతో ఉంటుంది. 80లో వస్తున్నవాడికైతే తేరుకునేలోపే 22 మీటర్లు గడిచిపోతాయి, గీత దగ్గర అతని వేగం 70 పైనే. వేగం రెట్టింపైతే బండి గుద్దే శక్తి నాలుగింతలవుతుంది. మొదటి డ్రైవరు పిల్లవాణ్ణి నాలుగు తిట్టి వెళ్లిపోతాడు. రెండోవాడు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఇంత తేడా తెచ్చిన ఆ పది కిలోమీటర్ల వేగం మిగిల్చే సమయం ఎంత? పది కిలోమీటర్ల ప్రయాణంలో రెండు నిమిషాలు, అదీ దారిలో ఒక్క సిగ్నల్ కూడా పడకపోతే.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ చావుల్లో నూటికి 71 వేగం మీరడం ఖాతాలోనే ఉన్నాయి. చనిపోయినవాళ్లలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు, 19 శాతానికి పైగా కాలినడకన పోతున్నవాళ్లు. పేదల పేరు చెప్పి జరిమానాలను తిట్టేవాళ్లు ఈ జాబితా ఒకసారి చూడాలి. డెలివరీ కుర్రాడికి వెయ్యి రూపాయలు భారమే, కాదనను. అందుకు మందు వేరే ఉంది. ఫిన్లాండ్‌లో హద్దు బాగా మీరినవాళ్లకు ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తారు. 2002లో నోకియా ఉన్నతాధికారి ఒకాయనకు లక్ష యూరోలకు పైగా జరిమానా వేశారు. కుర్రాడి మీద జాలి ఉంటే మనం అడగాల్సింది అలాంటి పద్ధతిని. కారు యజమానికి కూడా డిస్కౌంటు ఇమ్మని కాదు.

మనకు వచ్చింది ఆ డిస్కౌంటే. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పాత చలాన్ల మీద ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించింది. 2023 డిసెంబరులో మళ్లీ ద్విచక్ర వాహనాలకు 80, కార్లకు 60, ఆర్టీసీ బస్సులకు 90 శాతం. మొదటిసారికి రెండోసారికి మధ్య రెండేళ్లు కూడా లేవు. చలానా పడిన రోజే పూర్తిగా కట్టినవాడు నష్టపోయాడు, కట్టకుండా ఆగినవాడు లాభపడ్డాడు. హెల్మెట్ మరిచిపోయినవాడికీ, నో పార్కింగులో బండి ఆపినవాడికీ, బడి ముందు నుంచి 90లో దూసుకుపోయినవాడికీ ఒకే రాయితీ. ఇది వసూళ్ల వ్యవహారమేనన్న అనుమానం జనంలో బలపడిందంటే తప్పు ప్రభుత్వానిదే. శిక్షను పాత బాకీలా బేరం పెట్టింది అదే.

జనం ఫిర్యాదుల్లో న్యాయమైనవి ఉన్నాయి. బోర్డు కనిపించదు, వంతెన ఎక్కగానే హద్దు మారిపోతుంది, చలానా నెలల తర్వాత ఇంటికొస్తుంది. వీటికి చట్టంలోనే సమాధానం ఉంది. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో చేర్చిన 167ఏ ప్రకారం కెమెరా ఉన్నచోట హెచ్చరిక బోర్డు ఉండాలి, నేరం జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. అలా జరగని చలానాను పూర్తిగా కొట్టేయమని అడగాలి. మూడొంతులు తగ్గించమని అడగడమంటే అక్రమమైన చలానాలో నాలుగో వంతు కట్టడానికి ఒప్పుకున్నట్టే.

"ముందు గుంతలు పూడ్చి ఆ తర్వాత చలాన్లు రాయండి" అనేది మరో వాదన. గుంతలు పూడ్చాల్సిందే. కానీ రోడ్డు నున్నగా ఉంటే వేగం పెరుగుతుంది, తగ్గదు. 2019 నవంబరులో హైదరాబాద్ బయోడైవర్సిటీ కూడలిలో కొత్త ఫ్లైఓవర్ తెరిచి నెల తిరగకముందే, 40 హద్దు ఉన్న ఆ వంతెన మీది నుంచి కారొకటి కింద పడింది. వేగం వంద దాటిందని పోలీసులు చెప్పారు. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న మహిళ చనిపోయింది. ఆ వంతెన మీద గుంతలు లేవు.

మన విధానంలో అసలు లోపం వేరేచోట ఉంది. కెమెరా బండి నంబరును పట్టుకుంటుంది, చలానా యజమాని పేరు మీద పడుతుంది, నడిపినవాడి లైసెన్సు జోలికి ఎవరూ పోరు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ రెండోసారి వేగం మీరినవాడి లైసెన్సు స్వాధీనం చేసుకోమంటోంది. కెమెరా చలాన్లలో అది ఎక్కడ అమలవుతోంది? ఫ్రాన్స్‌లో లైసెన్సుకు పాయింట్లుంటాయి, తప్పు చేసినప్పుడల్లా తగ్గుతాయి, అన్నీ పోతే బండి నడపకూడదు. 2003లో అక్కడ ఆటోమేటిక్ కెమెరాలు వచ్చాయి. 2002లో ఏడు వేలు దాటిన మరణాలు 2010 నాటికి నాలుగు వేల లోపుకు దిగాయి. తాగి నడిపేవాళ్ల మీద తనిఖీలూ పెరిగాయి కాబట్టి ఘనతంతా కెమెరాలదే అనను. కానీ డబ్బున్నవాడికి వెయ్యి రూపాయలంటే లెక్క లేదు, లైసెన్సు పోతుందంటే ఉంటుంది.

ఇంకోసారి రాయితీ జీవో తయారవుతుంటే, 183 కింద రాసిన చలాన్లు అందులో చేరకూడదు. బండి ఎవరు నడిపారో యజమాని చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆ తప్పు అతని లైసెన్సు మీదే రాయాలి. వసూలైన డబ్బులో ఎంత భాగం బడుల ముందు స్పీడ్ బ్రేకర్లకూ, కాలిబాటలకూ ఖర్చయిందో ఏటా రోడ్ల పేర్లతో సహా ప్రకటించాలి. కెమెరాలను తిట్టేవాళ్లు ఈ లెక్క అడగడం మొదలుపెడితే వాళ్ల వెంట నేనూ వస్తాను.