కంప్యూటరులోని వెన్నెముకకు రంగులు వేసిందెవరు?

మొన్న మా పదవ తరగతి కుర్రాడొకడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ తెచ్చి చూపించాడు. అది మనిషి వెన్నెముక బొమ్మ. పై పూసలు నీలంగా, నడుము దగ్గరికి వచ్చేసరికి పసుపుగా, అట్టడుగున నిప్పులా ఎర్రగా ఉన్నాయి. "మాస్టారూ, ఎర్రగా ఉన్నచోట పూస విరిగిపోతుందండీ! కంప్యూటరు లెక్కగట్టి చెప్పిందట" అన్నాడు.

వాడి ఉత్సాహం నాకు నచ్చింది గాని, ఆ చివరి మాట నచ్చలేదు. ఏ అంకె దగ్గర ఎరుపు మొదలుకావాలో నిర్ణయించింది ఒక మనిషి. మిగతా చోట్ల కంటే అక్కడ ఒత్తిడి ఎక్కువ అని మాత్రమే ఆ ఎరుపుకు అర్థం. విరుగుతుందో లేదో తెలియాలంటే ఎముక ఎంత భారానికి ఓర్చుకోగలదో వేరే కొలవాలి.

అసలు ఆ లెక్క ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. దానికి కంప్యూటరు అక్కరలేదు, మీరు చదువుకున్న లీవరు చాలు. 15 కిలోల నీళ్ళ బకెట్టును వెన్నెముకకు 40 సెంటీమీటర్ల ముందు పట్టుకున్నారనుకోండి. వెనుక వీపు కండరాలు వెన్నెముకకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. పూసల మధ్య ఉండే డిస్కు ఇక్కడ ఆధారం. 15ను 40తో గుణించి 5తో భాగించండి, 120 వస్తుంది. అంటే బకెట్టు ముందుకు పడిపోకుండా కండరాలు 120 కిలోల బరువుకు సమానమైన బలంతో లాగాలి. డిస్కు మీద పడేది రెండూ కలిపి 135 కిలోలు. మన ఒంటి బరువు ఇంకా కలపనే లేదు! అదే బకెట్టును 20 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకుంటే కండరాల పని సగమైపోతుంది.

ఇదీ వెన్నెముక నమూనాయే. కాకపోతే వీపులో ఒకే కండరం ఉందనుకుని లెక్క వేశాం. నిజానికి చిన్నవీ పెద్దవీ ఎన్నో ఉన్నాయి. ఏది ఎంత లాగుతోందో ఎలా తెలుస్తుంది? రెండు సంఖ్యల మొత్తం 10, ఆ సంఖ్యలేవి అని నేను అడిగితే మీరేం చెబుతారు? 6, 4 కావచ్చు; 9, 1 కావచ్చు. తెలియని రాశులు ఎక్కువై సమీకరణాలు తక్కువైతే కంప్యూటరుకూ ఇదే ఇబ్బంది. అందుకని నమూనా తయారుచేసేవారు, శరీరం వీలైనంత తక్కువ శ్రమతో పని జరుపుకుంటుంది అని ఒక షరతు కలుపుతారు. మంచి ఊహే. కాని ఊహే.

ఇక ఆ రంగుల బొమ్మ సంగతి. విమానాల రెక్కలు, కట్టడాలు ఎంత భారం మోయగలవో లెక్కించడానికి ఇంజనీర్లు వాటిని లెక్కలో చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టేవారు. ఈ పద్ధతికి 1960లో రే క్లఫ్ అనే ఇంజనీరు ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టాడు. 1970ల నుంచి ఎముకలకూ డిస్కులకూ దాన్ని వాడుతున్నారు. ప్రతి ముక్కకూ అది ఎంత గట్టిదో చెప్పాలి. ఎముకకు ఒక అంకె, డిస్కు మధ్యలోని మెత్తని గుజ్జుకు ఒకటి, దాని చుట్టూ ఉన్న నారపొరలకు ఒకటి. ఈ అంకెలు ఎక్కువగా చనిపోయినవారి వెన్నెముకల నుంచి వచ్చినవి, వారిలో చాలామంది పెద్దవయసువారు. పదిహేనేళ్ళ మీ డిస్కు కూడా అలాగే ఉంటుందా?

2014లో కొందరు శాస్త్రజ్ఞులు వేర్వేరు బృందాలు తయారుచేసిన 8 నడుము నమూనాలను ఒకచోట చేర్చి, అన్నిటికీ ఒకే రకమైన భారాలు ఇచ్చి చూశారు. జవాబులు ఒకదానికొకటి సరిపోలేదు. ఎనిమిదింటినీ కలిపి మధ్య విలువ తీసుకుంటే మాత్రం కొలతలకు బాగా దగ్గరగా వచ్చింది. ల్యాబులో మీరు ఒకే పొడవును పలుమార్లు కొలిచి సగటు తీయడం గుర్తుందా?

కొలత మాట వచ్చింది గనక నా పొరపాటు ఒకటి చెబుతాను. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో బతికున్న మనుషుల డిస్కులోకి సూది గుచ్చి పీడనం కొలిచాడు. నిలబడినప్పుడు 100 అనుకుంటే కూర్చున్నప్పుడు 140 అన్న ఆయన లెక్కను నేను ఏళ్ళ తరబడి వేదవాక్కులా చెప్పాను. 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వ్యక్తి నడుములోని డిస్కులో చిన్న పరికరం అమర్చి మళ్ళీ కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్, ఒరగకుండా మామూలుగా కూర్చుంటే 0.46! ఇంచుమించు సమానం. సుమారు 20 కిలోల బరువును నడుము వంచి ఎత్తితే 2.3, మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7, ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1. మన బకెట్టు లెక్క చెప్పిన దారిలోనే ఉంది. ఇదంతా ఒక్క మనిషి మీద చేసిన కొలత అని కూడా ఇప్పుడు నేను మరచిపోకుండా చెబుతున్నాను.

అందరి నడుముల్లోనూ సూదులు గుచ్చలేం గనక కంప్యూటరు నమూనాలు కావలసిందే. స్క్రూలు, కడ్డీలు వెన్నులో బిగించే ముందు వాటి సత్తా ఇలా చూసుకోవడం రోగికి ఎంతో మేలు. నా తగాదా రంగుల బొమ్మతోనే. ఏమేమి ఊహించారో, ఏ కొలతతో సరిచూశారో రాయకుండా దాన్ని అచ్చువేయకూడదంటాను. ప్రయోగం రికార్డులో పద్ధతి రాయకుండా ఫలితం ఒక్కటే రాస్తే నేను మార్కులు వేయను. పత్రికలకు మాత్రం ఎందుకు వేయాలి?

ఆ కుర్రాడితో దర్జీ దగ్గరి ఖాళీ దారపు రీళ్ళు తెప్పించాను. మధ్య మధ్య స్పాంజి ముక్కలు పెట్టి ఒకదానిమీద ఒకటి నిలబెట్టాడు. పైన లెక్కల పుస్తకం పెట్టగానే కుప్పకూలింది. 1961లో లూకస్, బ్రెస్లర్ కూడా ఇలాంటిదే చూశారు. కండరాలు లేని వెన్నెముక పైనుంచి సుమారు 2 కిలోల భారానికే ఒరిగిపోతుంది. తర్వాత వాడు నాలుగు వైపులా నాలుగు తాళ్ళు కట్టి బిగించాడు. ఈసారి పుస్తకం నిలిచింది.

"మాస్టారూ, తాళ్ళు బిగించేకొద్దీ స్పాంజి నలిగిపోతోందండీ!" అన్నాడు. ఏ తాడు ఎంత లాగుతోందో కొలవడానికి స్ప్రింగు త్రాసులు కావాలన్నాడు. మా ల్యాబులో ఉన్నవి రెండే. మిగతా రెండు తాళ్ళ సంగతి ఏమనుకుందాంరా అని అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.