మార్లవాయి బడి నేర్పే పాఠం

మా దగ్గరే ఉంటున్న అమ్మను ఆ మధ్య ఇక్కడి ఆసుపత్రికి తీసుకువెళితే, ఆమె కోసం తెలుగు దుబాసీని పిలిపించారు. తన నొప్పి తన మాటల్లోనే చెప్పుకున్నానని అమ్మ ఎంతో సంబరపడింది. ఆదిలాబాదు అడవుల్లోని గోండు తల్లికి ఆ భాగ్యం ఉందా?

1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల స్థితిగతులు తెలుసుకోమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. తర్వాత లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన, మార్లవాయి గూడెంలో మకాం పెట్టారు. 1943లో అక్కడ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండీలో వాచకాలు వచ్చాయి. పైనుంచి వచ్చిన పంతులు బదిలీ కోసం చూస్తాడు. ఊరివాడు ఊళ్ళోనే ఉంటాడు. కిటుకంతా అదే.

బడులు, ఆసుపత్రుల వంటి సంస్థల మీద, సిబ్బంది మీద అజమాయిషీ గ్రామసభలకూ పంచాయతీలకూ ఇవ్వమని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాని నియమాలు రావడానికే 2011 అయింది. ఏజెన్సీ టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి 3వ నంబరు జీవోను సుప్రీంకోర్టు 2020లో కొట్టివేసింది. నూరు శాతం కూడదంటే సరే. బడిలో గోండీ తెలిసినవారు ఒక్కరూ లేకపోతే మాత్రం ఫరవాలేదా?

మన పిల్లలకు తెలుగు రావడం లేదని ఇక్కడ మనం బాధపడుతున్నాం. గోండు తండ్రి బాధా అదే. ఈసారి ఏజెన్సీ బడికి విరాళం పంపేటప్పుడు, ఎన్ని గదులు కట్టారని మాత్రమే కాక, పంతులుగారికి పిల్లల భాష వచ్చా అని కూడా అడుగుదాం.