లెంగ్త్ అనే పేరు మీ తాత సొత్తు కాదు బాబూ!

మొహమాటం లేకుండా చెప్పేస్తా. ఓఆర్ఎంలో ముందే ఉన్న ఫంక్షన్ని అదే పేరుతో, వేరే అర్థంతో తిరగరాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. "ఫ్రేమ్‌వర్కే ఆ సౌకర్యం ఇచ్చింది కదా, వాడుకుంటే తప్పేంటి?" అంటారు. ఇంట్లో కత్తిపీట ఉంది కదా అని పక్కింటి పందిరి కోసేస్తామా?

అలాగని "బిల్టిన్ ఫంక్షన్లు ముట్టుకోవడమే మహాపాపం" అనే మడి బ్యాచ్‌తోనూ నాకు పడదు. కొన్నిసార్లు ముట్టుకోకపోతే పని జరగదు. ఎందుకో చెప్తా.

"తెలుగు" అన్న మాటే తీసుకుందాం. చదివేవాడికి మూడక్షరాలు. యూనికోడ్‌కి ఆరు, ఎందుకంటే ఎత్వం ఒకటి, కొమ్ములు రెండు, విడివిడిగా లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 18. ఇప్పుడు ఈ మాట లెంగ్త్ ఎంతో డేటాబేసుల్ని అడగండి. పోస్ట్‌గ్రెస్ 6 అంటుంది. మైఎస్‌క్యూఎల్ 18 అంటుంది. అక్కడ లెంగ్త్ అంటే బైట్ల లెక్క మరి. అక్షరాల లెక్క కావాలంటే క్యార్ లెంగ్త్ అని వేరే ఫంక్షన్ ఉంది.

ఇంగ్లీషు పేర్లు కొట్టి టెస్టింగ్ ముగించేవాడికి ఈ తేడా జన్మలో కనపడదు, అక్కడ అక్షరానికి ఒకటే బైటు కాబట్టి. "లక్ష్మి" అని తెలుగులో కొట్టి చూడండి. చూడ్డానికి రెండక్షరాలు, బైట్లు 21. పేరు 20 దాటకూడదని ఎవరో షరతు పెట్టారనుకోండి, లక్ష్మి గారిని మన సాఫ్ట్‌వేరు గేటు దగ్గరే ఆపేస్తుంది. తప్పు ఆవిడ పేరుదా?

ఇదిగో, ఇక్కడ ఫంక్షన్ని మార్చడం న్యాయం. జాంగో చేసింది ఇదే. దాని లెంగ్త్ క్లాసు మైఎస్‌క్యూఎల్ దగ్గరకి వెళ్ళేసరికి క్యార్ లెంగ్త్ అని పంపుతుంది. పేరొకటే, అర్థమూ ఒకటే. కింద పంపే ఎస్‌క్యూఎల్ ఒక్కటే డేటాబేసుని బట్టి మారుతుంది. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో ఫంక్ అని పెట్టి లెంగ్త్ అంటే ఆ పేరే ఉన్నదున్నట్టు వెళ్ళిపోతుంది, 18 వస్తుంది. అక్కడ మీరే సర్దుకోవాలి. దీన్ని నేను మరమ్మత్తు అంటాను.

మరమ్మత్తులోనూ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి సుమా. ఎస్‌క్యూఎల్ సర్వర్ బ్యాకెండ్ రాసేవాళ్ళు లెంగ్త్ బదులు లెన్ అని పంపే మెథడ్‌ని అతికించుకోవచ్చని జాంగో డాక్యుమెంటేషన్‌లోనే ఉదాహరణ ఉంది. బానే ఉంది. కాకపోతే ఆ లెన్ చివర్లో ఉన్న ఖాళీల్ని లెక్కపెట్టదు. పేరు కలిసింది కదా అని అర్థం కూడా కలిసిందనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఇక రెండో రకం. దీన్ని నేను కబ్జా అంటాను.

నేను పనిచేసిన ఒకానొక ప్రాజెక్టులో హైబర్నేట్ డయలెక్ట్‌ని ఎక్స్‌టెండ్ చేసి, లెంగ్త్ అంటే "చివరి ఖాళీలు తీసేశాక వచ్చే లెంగ్త్" అని మార్చేశారు. క్లయింటు డేటాలో పేర్ల చివర ఖాళీలు ఉన్నాయట, ప్రతి క్వెరీలో ట్రిమ్ రాయడం బద్ధకమట. కామన్ జార్‌లో పడేశారు. తెలివైన పనే అని అందరూ మెచ్చుకున్నారు కూడా.

కొన్నాళ్ళకి ఇంకో టీము ఒక ఫిక్స్‌డ్ విడ్త్ ఫైలు తయారు చేయాల్సొచ్చింది. పేరుకి 40 స్థానాలు. 40 దాటిన పేర్లని పక్కన పెట్టమని హెచ్‌క్యూఎల్‌లో లెంగ్త్‌తో షరతు రాశారు. చివర ఖాళీలున్న 42 అక్షరాల పేరుని మన కబ్జా లెంగ్త్ 40 అని లెక్కేసి లోపలికి పంపింది. ఫైలులో రాసేటప్పుడు మాత్రం ఖాళీలతో సహా 42 రాసింది. పక్క కాలమ్ రెండు స్థానాలు జరిగింది, అవతలి వాళ్ళు ఫైలు మొత్తం తిప్పికొట్టారు.

చివరి కమిట్ చేసింది చేరి ఆరునెలలైన ఓ అమ్మాయి. కాబట్టి తప్పు ఆమెదే అన్నారు! రెండు రాత్రులు కూర్చుని, ఎస్‌క్యూఎల్ లాగ్ ఆన్ చేసి చూస్తే అప్పుడు బయటపడింది ఆ దాక్కున్న ట్రిమ్. ఆమె రాసిన కోడ్‌లో తప్పు లేదు. డాక్యుమెంటేషన్ చదివి, అందులో ఉన్న అర్థాన్ని నమ్మింది. అంతే. అప్రైజల్‌లో మాత్రం ఆ ఫైలు ఆమె పేరు మీదే పడింది. కామన్ జార్ రాసిన పెద్దమనిషిని ఎవరూ ఏమీ అనలేదు.

నా కోపం ఇందుకే. కబ్జా చేసినవాడు ఒక గంట మిగుల్చుకుంటాడు, ఆ అప్పు తీర్చేది ఎప్పుడో తర్వాత చేరినవాళ్ళు.

"ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది, అదే కదా లాభం?" అంటారు. అన్నిచోట్లా మారదండీ, అదే అసలు తంటా. నేటివ్ క్వెరీ మీ డయలెక్ట్ మాట వినదు. ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో కంపైల్స్ డెకరేటర్‌తో ఫంక్షన్ని మార్చారనుకోండి, ఆ మాడ్యూల్ ఇంపోర్ట్ అయిన ప్రాసెస్‌లోనే మారుతుంది. వెబ్ అప్లికేషన్‌లో ఒక లెక్క, అది ఇంపోర్ట్ చేయని రాత్రి జాబ్‌లో ఇంకో లెక్క. రెండూ ఒకే టేబుల్ మీద! ఏది నిజమని క్లయింటుకి చెప్తారు?

పైగా ఈ మార్పులకి ఆయుష్షు కూడా తక్కువే. హైబర్నేట్ 6.0 2022లో వచ్చినప్పుడు ఫంక్షన్లని రిజిస్టర్ చేసే పాత దారిని మార్చేశారు. డయలెక్ట్‌లో దాచుకున్నవన్నీ తవ్వి తీసి మళ్ళీ రాయాల్సొచ్చింది. సొంత పేరుంటే ఇది ఏం చేస్తుందో పేరే చెప్తుంది. లెంగ్త్ అని ఉంటే? ఎందుకు మార్చారో తెలిసినవాడు అప్పటికి మూడు కంపెనీలు మారి ఉంటాడు :)

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. డేటాబేసుల మధ్య తేడా సర్దడానికైతే పాత పేరు కిందే మార్చండి, తెలుగు మాటతో, చివర ఖాళీ ఉన్న మాటతో రెండు టెస్టులు రాయండి. వాటిని ప్రొడక్షన్‌లో వాడే డేటాబేసు మీదే నడపండి. అర్థమే మారుతుంటే కొత్త పేరు పెట్టండి. "ట్రిమ్ చేసిన లెంగ్త్" అని పెట్టుకుంటే ఎవరి సొమ్మూ పోదు. తెలుగుని మూడు అని లెక్కపెట్టే ఫంక్షన్ కావాలా? భేషుగ్గా రాయండి, నేనే ముందు వాడతా. దానికి లెంగ్త్ అని మాత్రం పెట్టకండి.

కోడ్ రివ్యూలో ఎవరైనా బిల్టిన్ పేరు మీద చెయ్యేస్తే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది మరమ్మత్తా, కబ్జానా?" జవాబు చెప్పడానికి నీళ్ళు నమిలితే, మొహమాటపడకుండా వెనక్కి పంపేయండి.