సంచిలో పెరిగే మందు: నీళ్లు మిగిలితే చాలదు, ధర కూడా దిగాలి

డయాలసిస్ రోగులకు రక్తం పెరగడానికి మేమిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను దేనితో చేస్తారని బంధువులు అడుగుతుంటారు. అది రసాయనాలు కలిపి చేసింది కాదు, బతికున్న కణాలు తయారుచేసిన మందు. 1957లో చైనా చిట్టెలుక అండాశయం నుంచి వేరుచేసిన కణాల సంతతిని నేటికీ పెంచుతూ, వాటిచేత ఇలాంటి మందులు చేయిస్తున్నారు. లింఫోమా క్యాన్సరుకు వాడే రిటుక్సిమాబ్ కూడా ఇలాగే పుడుతుంది. దానికి సాటిగా ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ మందును 2007లో తెచ్చింది మన హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థే. పేరు రెడిటక్స్.

ఈ కణాలను పెంచే పాత్రను బయోరియాక్టర్ అంటారు. పూర్వం అన్నీ ఉక్కు ట్యాంకులే. ఒక విడత మందు తీశాక ట్యాంకును, పైపులను క్షారంతో, ఆమ్లంతో, శుద్ధజలంతో కడిగి ఆవిరి పట్టాలి. ఇప్పుడు చాలాచోట్ల గామా కిరణాలతో శుద్ధిచేసిన ప్లాస్టిక్ సంచిని ట్యాంకులో అమర్చి, పని కాగానే తీసేస్తున్నారు. విజయ్ సింగ్ అనే శాస్త్రవేత్త ఊయలలా ఊగే ఇలాంటి సంచి వివరాలను 1999లో ప్రచురించారు. గాజు సిరంజిలను ఉడకబెట్టి వాడిన మా తరం నర్సులకు ఈ మార్పు వెంటనే అర్థమవుతుంది. ఒకరి మందు అవశేషం మరొకరి మందులో కలిసే భయం తగ్గుతుంది.

మరి సంచిని ఎంత పెద్దది చేస్తే అంత మందు వస్తుందా? రాదు. నలుగురికి వండినట్టే నాలుగు వందల మందికి వండితే అన్నం అడుగంటుతుంది. ఈ కణాలకు గట్టి గోడ ఉండదు. గట్టిగా తిప్పితే దెబ్బతింటాయి, తిప్పకపోతే ప్రాణవాయువు అందదు. పాత్ర పెరిగేకొద్దీ బొగ్గుపులుసు వాయువును బయటికి పంపడమూ కష్టమే. అందుకే చిన్న సీసాతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెద్ద పాత్రలకు మారుస్తారు. ఉక్కు ట్యాంకులు 10,000 నుంచి 20,000 లీటర్ల దాకా ఉంటే, సంచులు ఎక్కువగా 2,000 లీటర్ల దగ్గర ఆగుతాయి. అంతకు మించినవి ఈమధ్య వచ్చినా, చాలామంది ఒకే పెద్ద సంచికి బదులు నాలుగైదు సంచులను పక్కపక్కన నడుపుతారు. మాకు ఈ పద్ధతే మేలనిపిస్తుంది. ఒకటి చిల్లుపడినా మిగతావి దక్కుతాయి.

లోపాలూ చెప్పాలి. సంచి ప్లాస్టిక్ నుంచి ఊరిన ఒక పదార్థం కణాల ఎదుగుదలను అడ్డుకుంటోందని అమెరికాలోని ఆమ్‌జెన్ శాస్త్రవేత్తలు 2013లో బయటపెట్టారు. వాడిన సంచి పలు పొరలది, తిరిగి కరిగించి వాడుకోవడం కష్టం. వార్డులో ఎరుపు, పసుపు సంచులు వేరుచేయమని మేము ఎంత పట్టుబడతామో, మందుల కంపెనీలనూ అంత గట్టిగా అడగాలి.

అయినా మేము సంచి వైపే. ఎండిన బోర్ల దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ అనంతపురం వాళ్లం. ట్యాంకులు కడగడానికి పోసే శుద్ధజలం చాలావరకు మిగులుతుందంటే కాదనలేము. కానీ నీటితోపాటు కంపెనీకి కట్టడం ఖర్చు, సమయం కూడా మిగులుతాయి. ఆ మిగులు రోగి బిల్లులో కనబడాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మనదొకటి. హైదరాబాదులో తయారైన మందు, పథకంలో చోటూ అందే ధరా లేకపోతే, మడకశిర రైతుకు చేరదు. ఎద్దులమ్మి మొదటి ఇంజెక్షను వేయించుకుని, రెండోదానికి రాలేని కుటుంబానికి సంచి అయినా, ట్యాంకు అయినా ఒకటే.

మీకూ ఒక మనవి. బయోసిమిలర్ ఉందా అని మీ డాక్టరు గారిని మొహమాటపడకుండా అడగండి. డబ్బు చాలకపోతే మధ్యలో మానేయకుండా ముందే మాతో చెప్పండి. బయట కొన్న ఇంజెక్షనును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో తీసుకురండి. గడ్డకట్టనీయకండి, కుదపకండి. రోజుల తరబడి జాగ్రత్తగా పెంచి తీసిన మందు, మన మే నెల ఎండలో బస్సు కిటికీ పక్కన ఒక్క పూటలో పాడైపోవచ్చు.