పత్తి కట్టెలో మన వాటా

మాచర్ల, గురజాల చేలల్లో పత్తి తీతలయ్యాక మా అమ్మలు పీకిన కట్టెలో కొంత మోపుగా పొయ్యికి చేరుతుంది. మిగిలింది గట్టుమీద కాలిపోతుంది.

అదే కట్టెను గాలి సోకకుండా మైక్రోవేవ్‌తో సుమారు 500 డిగ్రీలకు వేడిచేసి, వచ్చిన ఆవిరిని చల్లారిస్తే బయో ఆయిల్ దిగుతుంది. ఎండు కట్టె మైక్రోవేవ్‌ను సరిగా పీల్చదు కనుక బొగ్గుపొడి కలుపుతారు. మద్రాసు ఐఐటీలో ఇలాంటి పరిశోధనలు జరిగాయి. ఆ నూనెలో నీరు, ఆమ్లాలు ఎక్కువ. శుద్ధి చేయనిదే ఇంజనుకు పనికిరాదు. కరెంటు ఖర్చు సరేసరి.

అయినా మేమడిగేది ఒక్కటే. రేపు ఫ్యాక్టరీ వచ్చి కట్టెకు ధర కడితే, పీకిన చేతులకు అందులో వాటా ఉంటుందా? మా పొయ్యికి కట్టె మిగులుతుందా? ఈ లెక్క అడగడానికైనా హాస్టల్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సైన్సు చదవండి.